దూబగుంట పాఠం: సారా వ్యతిరేకోద్యమంలో గ్రామసమష్టి, యువతరం - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

1992లో నెల్లూరు జిల్లాలో ఉవ్వెత్తున లేచిన సారా వ్యతిరేకోద్యమాన్ని సాధారణంగా స్త్రీచైతన్య చరిత్రలోనో, మద్యనిషేధ శాసనాల చరిత్రలోనో భాగంగా చదువుతున్నాం. ఊరంతా కలిసి ఒక మత్తుపదార్థాన్ని తన ఇళ్ళకు, తన పిల్లలకు దూరంగా ఉంచడానికి ఆ రోజుల్లో ఏర్పరచుకున్న పద్ధతులపై దృష్టి తక్కువ. ఆ పద్ధతులు ఎలా పుట్టాయి, యువతరం వాటిలో ఏ స్థానాల్లో కనిపిస్తుంది, శాసనం వచ్చిన తరువాత అవి ఏమయ్యాయి అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గంజాయి, ఇతర మాదకద్రవ్యాలు విద్యాసంస్థల గుమ్మాల దాకా వచ్చిన నేటి సందర్భంలో ఆ అనుభవం ఎంతవరకు పనికివస్తుందో, ఎక్కడ పనికిరాదో చివరి భాగంలో చర్చకు వస్తుంది.

కీలకపదాలు: దూబగుంట, సారా, అక్షరదీపం, మద్యనిషేధం, పొదుపులక్ష్మి, యువత, మాదకద్రవ్యాలు.

1. ఉపోద్ఘాతం:

మత్తుపదార్థాల నివారణ గురించి నేడు మన కళాశాలల్లో జరిగే సదస్సులకు ఒక నిర్ణీత రూపం ఏర్పడింది. పోలీసు అధికారి ఒకరు చట్టం గురించి, వైద్యులు ఒకరు ఆరోగ్యం గురించి ప్రసంగిస్తారు. విద్యార్థులు ప్రతిజ్ఞ చేస్తారు. సమాజ సహకారం అవసరమన్న మాట ప్రతి వేదికమీదా వినబడుతుంది. ఆ సహకారం అంటే ఏమిటి, ఎవరు ఎవరికి ఏ పనిలో సహకరించాలి అన్నది మాత్రం ఎవరూ విప్పి చెప్పరు. మనకు అటువంటి అనుభవం లేకపోతే ఈ అస్పష్టతను అర్థం చేసుకోవచ్చు. కాని మూడు దశాబ్దాల క్రితం తెలుగునేల మీదనే, వ్యవసాయ కూలీలు అధికంగా ఉన్న మెట్ట గ్రామాల్లో, ఒక సమాజం తన పొలిమేరలో మత్తును అడ్డుకొని చూపింది. ఆ చరిత్ర మనకు తెలియనిది కాదు, దానిని మనం మరొక ప్రశ్నకు సమాధానంగా చదువుతూ వచ్చాం.

సారా వ్యతిరేకోద్యమంపై వచ్చిన తొలి గంభీర అధ్యయనాల్లో అన్వేషి పరిశోధన కేంద్రం 1993లో ప్రచురించిన వ్యాసం ముఖ్యమైనది. స్త్రీపురుష సంబంధాలను, రాజకీయమనే మాటకున్న అర్థాన్ని ఈ గ్రామీణ స్త్రీలు ఎలా మార్చారన్నది ఆ అధ్యయనానికి కేంద్రం. తరువాతి పరిశోధకులు ఎక్కువగా ఆ దారిలోనే నడిచారు. అది సరైన దారే. అయితే తాగేవారిని భర్తలుగా మాత్రమే చూసినందువల్ల, తాగబోయే వయసులో ఉన్న కొడుకులు ఆ చిత్రంలో అంచున మిగిలిపోయారు. ఈ వ్యాసం ఆ అంచు నుండి ఉద్యమాన్ని చూసే ప్రయత్నం చేస్తుంది.

2. పూర్వరంగం:

తెలుగువారికి మద్యనిషేధం 1990లలో కొత్తగా పరిచయమైనది కాదు. సహాయనిరాకరణోద్యమ కాలంలో కల్లు దుకాణాల ముందు పికెటింగ్ జరిగింది. 1937లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో నిషేధాన్ని ప్రారంభించి, మరుసటి సంవత్సరం చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. స్వాతంత్ర్యానంతరం అది మద్రాసు రాష్ట్రమంతటా అమలులోకి వచ్చింది. నిజాం రాజ్యంలో పరిస్థితి వేరు. అక్కడ ఆబ్కారీ ఖజానాకు ప్రధాన ఆదాయాల్లో ఒకటి. పారసీకం నుండి వచ్చిన ఆ మాట నేటికీ మన వాడుకలో నిలిచి ఉండడమే ఆ వ్యవస్థ ఎంత లోతుగా నాటుకున్నదో చెబుతుంది. ఆ రాజ్యంలోనే 1906లో జగన్మిత్రమండలిని స్థాపించిన భాగ్యరెడ్డి వర్మ దళిత వాడల్లో విద్యతో పాటు మద్యపాన విసర్జనను కూడా ప్రబోధించాడు. చదువును, మద్యం మానడాన్ని ఒకే కార్యక్రమంగా భావించిన ఆ దృష్టిని ఇక్కడ గుర్తుంచుకోవాలి. దాదాపు తొమ్మిది దశాబ్దాల తరువాత నెల్లూరు జిల్లాలో అవే రెండు అంశాలు మరొక విధంగా కలుసుకున్నాయి.

1954 నాటి ఘట్టం వేరొక కోణాన్ని చూపుతుంది. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన తరువాత నిషేధం అమలును సమీక్షించడానికి వేసిన రామమూర్తి సంఘం దానిని ఎత్తివేయాలని సూచించింది. కల్లుగీత మీద బతికే కుటుంబాల ఉపాధి అప్పటికి పెద్ద ప్రశ్నగా ఉంది. ఆ సూచనను అమలుచేయని టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం, నవంబరులో శాసనసభలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒక ప్రభుత్వం నిషేధాన్ని తొలగించనందుకు కూలిపోగా, నలభై ఏళ్ళకు మరొక ప్రభుత్వం నిషేధిస్తానన్న వాగ్దానంతో ఏర్పడింది. ఈ రెండు ఘట్టాల మధ్య మారినదేమిటి? గ్రామంలో మత్తుపదార్థం చేరే మార్గం మారింది. అమ్మేవాడికి, ఊరికి మధ్య ఉన్న సంబంధం మారింది. తాటిచెట్టు ఊరిది, గీసేవాడు ఊరివాడు. సారా అలా కాదు.

1960ల చివరికి నిషేధం తొలగిన పిదప ఆబ్కారీ ఆదాయం ఎలా పెరిగిందో తరచుగా ఉదహరించే ఒక లెక్క ఉంది. 1970-71లో సుమారు 39 కోట్ల రూపాయలుగా ఉన్న ఆదాయం 1991-92 నాటికి 812 కోట్లకు చేరింది. ధరల పెరుగుదలను మినహాయించినా ఇది చిన్న మార్పు కాదు.

3. పొట్లంలో సారా:

ఈ పెరుగుదలకు 1980లలో వచ్చిన 'వారుణి వాహిని' పథకం ఒక ముఖ్య కారణం. ప్రభుత్వ పర్యవేక్షణలో సారాను పాలిథిన్ పొట్లాల్లో నింపి సరఫరా చేయడం ఆ పథకం సారాంశం. కల్తీసారా మరణాలను అరికట్టడానికి, నాణ్యతను కాపాడడానికి అన్న సమర్థన ఉండేది. క్షీరసాగర మథనంలో పుట్టిన దేవత పేరును ఒక ఆబ్కారీ పథకానికి పెట్టడంలోని చమత్కారం భాషావిద్యార్థులకు తప్పక తోస్తుంది. ఆ పేరు పెట్టినవారు సంస్కృతం తెలిసినవారే అయి ఉండాలి.

పొట్లం అనేది చిన్న సాంకేతిక మార్పుగా కనిపిస్తుంది. కాని యువతను దృష్టిలో పెట్టుకొని చూస్తే దాని పర్యవసానం పెద్దది. అంతకు ముందు తాగాలంటే దుకాణం దాకా వెళ్ళాలి, అక్కడ కూర్చోవాలి, ఊరివాళ్ళ కంట పడాలి. పెదనాన్నో మేనమామో అక్కడ ఉంటే పదహారేళ్ళ కుర్రవాడు వెనుదిరగాలి. ఆ కంటిచూపే ఒక అడ్డుకట్ట. పొట్లం జేబులో పడుతుంది. జీపులో, సైకిలుపై ఏ మూలకైనా వస్తుంది. కిళ్ళీకొట్టులో, ఇంటి అరుగు మీద, పొలం గట్టున అమ్మవచ్చు. కొన్ని చోట్ల కూలిలో కొంత భాగాన్ని సారాకు మార్చుకొనే చీటీల రూపంలో ఇచ్చిన సందర్భాలు కూడా నమోదయ్యాయి. అంటే పనిలోకి కొత్తగా దిగిన కుర్రవాడికి తొలి కూలితో పాటే తొలి పొట్లం కూడా చేతికందే అవకాశం ఏర్పడింది. తాగుడు ఒకరి స్వభావదోషం అనే వాదనను ఈ ఒక్క అంశం చాలావరకు బలహీనపరుస్తుంది. అందుబాటు, ధర, పెద్దల కంటిచూపు అనే మూడింటినీ వ్యాపారమే మార్చివేసింది. ఇంటింటికీ వెళ్ళి సంస్కరించవలసినంత కొత్త బలహీనతేదీ గ్రామంలోని యువకుల్లో హఠాత్తుగా పుట్టలేదు.

గుత్తేదారు ఏటా వేలంలో హక్కు కొనుక్కుంటాడు. పెట్టుబడి రాబట్టుకోవడానికి అతనికి ఒక సంవత్సరమే గడువు. ఆ ఏడాదిలో పాత తాగుబోతులు ఎంత తాగినా సరిపోదు, కొత్తవారు కావాలి. వేలం విధానంలోనే కొత్త తరాన్ని అలవాటులోకి లాగే ఒత్తిడి ఇమిడి ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

4. అక్షరదీపం - రాత్రి బడులు:

1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ ఏర్పడింది. 1990లో కేరళలోని ఎర్నాకుళం దేశంలో తొలి సంపూర్ణ అక్షరాస్యతా జిల్లాగా ప్రకటితమైంది. అదే సంవత్సరం దేశమంతటా భారత జ్ఞానవిజ్ఞాన జాతా సాగింది. ఈ వాతావరణంలో నెల్లూరు జిల్లాలో 'అక్షరదీపం' కార్యక్రమం ఆరంభమైంది. ప్రభుత్వ యంత్రాంగంతో పాటు జనవిజ్ఞాన వేదిక వంటి స్వచ్ఛంద సంస్థలు ఇందులో పనిచేశాయి.

సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమాల నిర్మాణంలో ఒక విశేషం ఉంది. చదువు చెప్పేవారు జీతం తీసుకొనే ఉపాధ్యాయులు కారు. అదే ఊరిలో కాస్త చదువుకున్న యువతీయువకులు స్వచ్ఛంద కార్యకర్తలుగా, వేతనం లేకుండా, పనులు ముగిసిన తరువాత రాత్రిపూట తమ తల్లుల వయసు స్త్రీలకు అక్షరాలు దిద్దించారు. కళాజాతాల్లో పాటలు పాడి, డప్పు కొట్టి, వీధినాటకాలు ఆడినవారిలోనూ యువకులే ఎక్కువ. ఉద్యమ చరిత్రల్లో ఈ యువత కేవలం సాధనంగా ప్రస్తావనకు వస్తుంది. చదువుకున్న స్త్రీలు చైతన్యం పొందారు అని రాసి ముందుకు సాగిపోతాం. చెప్పినవారికి ఏమైంది అని అడగం.

ఈ ప్రశ్నకు కొంత ఊహించి సమాధానం చెప్పవలసి ఉంటుంది. పొద్దుగూకిన తరువాతి రెండు గంటలు పల్లెలో యువకుడికి అత్యంత ప్రమాదకరమైన సమయం. పని ఉండదు, చేతిలో కూలిడబ్బు ఉంటుంది, పొట్లం అందుబాటులో ఉంటుంది. సరిగ్గా ఆ రెండు గంటలనే అక్షరదీపం ఒక బాధ్యతతో నింపింది. ఊరి స్త్రీలు తనకోసం ఎదురుచూస్తున్నారన్న స్పృహ ఆ కుర్రవాడికి కలిగింది. నివారణ శాస్త్రజ్ఞులు నేడు యువతకు అర్థవంతమైన వ్యాపకం కల్పించాలని చెప్పేది దీనినే. నెల్లూరులో ఎవరూ ఆ ఉద్దేశంతో కార్యక్రమాన్ని రూపొందించలేదు, చదువు చెప్పించడమే వారి లక్ష్యం.

పాఠ్యపుస్తకం విషయానికి వస్తే, వాచకాల్లోని రెండు పాఠాలు చరిత్రలో నిలిచాయి. తాగుడు కుటుంబాన్ని ఎలా కుంగదీస్తుందో చర్చకు తెచ్చిన 'సీతమ్మ కథ' ఒకటి. దూబగుంట స్త్రీల అనుభవాన్ని చెప్పిన 'ఆడవాళ్ళు ఏకమైతే' రెండవది. కలిగిరి మండలంలోని దూబగుంటలో స్త్రీలు ముందుగా పెద్దలను, అధికారులను ఆశ్రయించారు. ఫలితం లేకపోయేసరికి తామే గుంపుగా కదిలి ఊరిలోకి వచ్చే కల్లును, సారాను అడ్డుకొని దుకాణాన్ని మూయించారు. ఈ పోరాటంతో ముడిపడి వర్ధినేని రోశమ్మ పేరు దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతటా వ్యాపించింది.

ఒక ఊరి నిజసంఘటన పాఠమై, ఆ పాఠం వందలాది ఊళ్ళలో రాత్రి బడుల్లో చదవబడి, తిరిగి సంఘటనగా మారిన ఈ క్రమం తెలుగు వాచక చరిత్రలో అపురూపమైనది. పాఠం పొడవు ఎంతో లేదు, భాష కూలి స్త్రీల నోటి భాషకు దగ్గరగా ఉంది. మన పాఠ్యప్రణాళికా సంఘాల్లో కూర్చొని పాఠాలు ఎంపిక చేసేవారు ఎప్పుడైనా ఈ వాచకాన్ని ముందు పెట్టుకొని చర్చించారా అన్నది సందేహమే. దూబగుంటలో స్త్రీలు చేసినది మరొక ఊరి స్త్రీలకు ఉపన్యాసంగా చేరి ఉంటే ఆ ప్రభావం ఉండేది కాదు. వారు దానిని కూడబలుక్కొని చదివారు, చదివిన చోటనే నలుగురూ కలిసి ఉన్నారు, మన ఊరి సంగతేమిటి అని ఒకరినొకరు అడిగే అవకాశం అక్కడే ఉంది. రాత్రి బడి ఒక సమావేశ స్థలం కూడా అయింది. ఉపన్యాసం విని చెదిరిపోయే సదస్సుకు, వారానికి చాలాసార్లు అదే మనుషులు కలిసే బడికి మధ్య ఉన్న తేడా ఇక్కడ ఉంది.

5. పొలిమేర కాపలా:

1992 ద్వితీయార్ధంలో ఉద్యమం జిల్లా అంతటా వ్యాపించింది. పద్ధతులు ఊరూరికీ మారినా కొన్ని సామాన్య లక్షణాలు కనబడతాయి. సారా జీపులు వచ్చే దారుల్లో స్త్రీలు వంతులవారీగా కాపలా ఉన్నారు. పొట్లాలను గుట్టగా పోసి తగులబెట్టారు. అమ్మేవారిని ముందుగా బతిమాలి, వినకపోతే బహిష్కరించారు. తాగివచ్చినవారికి జరిమానా వేశారు, ఇళ్ళలో అన్నం పెట్టడానికి నిరాకరించారు. చీపుళ్ళు, కారంపొడి వారి ఆయుధాలయ్యాయి. వేలంపాటలు జరిగే చోటికి వెళ్ళి పదేపదే అడ్డుకున్నారు. జిల్లాలో సారా వేలం పలుమార్లు వాయిదా పడింది. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి నెల్లూరు జిల్లావారే కావడం ప్రభుత్వానికి మరింత ఇబ్బంది కలిగించింది. 'ఈనాడు' పత్రిక ఉద్యమవార్తలకు ప్రత్యేక స్థానం కల్పించడంతో ఒక ఊరి ఉపాయం మరొక ఊరికి మరునాడే తెలిసే వీలు కలిగింది. వావిలాల గోపాలకృష్ణయ్య వంటి వృద్ధ గాంధేయవాదులు, వామపక్ష మహిళాసంఘాలు, పౌరహక్కుల కార్యకర్తలు ఒకే డిమాండుకు మద్దతుగా నిలిచారు. అంతకు ముందే తెలంగాణ జిల్లాల్లో పీపుల్స్ వార్ పిలుపుతో సారా వ్యతిరేక కార్యక్రమాలు జరిగాయి. అయితే అక్కడ ఆదేశం బయటినుండి వచ్చింది, నెల్లూరులో నిర్ణయం ఊరిలోనే జరిగింది.

ఈ పద్ధతులన్నిటినీ నేటి దృష్టితో గుడ్డిగా కొనియాడడం సరికాదు. తాగినవారికి గుండు గీయించడం, గాడిదపై ఊరేగించడం వంటి ఘటనలు కొన్నిచోట్ల జరిగాయి. ముదురు వయసు పురుషుడి పెత్తనాన్ని ఎదిరించే సందర్భంలో ఆ అవమానానికి ఒక అర్థం ఉండవచ్చు. పదిహేడేళ్ళ పిల్లవాడికి అదే శిక్ష వేస్తే అతడు ఊరు విడిచిపోతాడు, లేదా మరింత చాటుగా తాగుతాడు. ఉద్యమంలోని శిక్షలను కాక, శిక్షకు ముందున్న కాపలాను మనం ప్రధానంగా గమనించాలి.

కాపలా అంటే కర్రపట్టుకొని నిలబడడం ఒక్కటే కాదు. ఏ జీపు ఎన్ని గంటలకు వస్తుంది, ఎవరింట్లో పొట్లాలు దాస్తున్నారు, ఎవరి అబ్బాయి ఆ ఇంటివైపు తిరుగుతున్నాడు అన్న సమాచారం స్త్రీల మధ్య ప్రవహించింది. ఇంటి పరువు కోసం ఎవరి బాధను వారు దాచుకొనే అలవాటు ఆ నెలల్లో సడలింది. నీ కొడుకు తాగుతున్నాడు అని పొరుగింటి స్త్రీ వచ్చి చెబితే అది నిందగా కాక సహాయంగా వినబడే పరిస్థితి ఏర్పడింది. సమాజ సహకారమన్న మాటకు ఇంతకన్నా కచ్చితమైన నిర్వచనం ఈ వ్యాసకర్తకు తోచలేదు.

ఇక్కడ ఒక పోలిక అవసరం. యువతలో మత్తు నివారణకు ప్రపంచమంతటా ఆదర్శంగా చూపే దేశం ఐస్‌లాండ్. అక్కడ 15, 16 ఏళ్ళ పిల్లల్లో గత నెలరోజుల్లో మత్తెక్కేలా తాగినవారు 1998లో 42 శాతం ఉండగా, 2016 నాటికి 5 శాతానికి తగ్గారు. తల్లిదండ్రులు తమలో తాము ఒప్పందాలు రాసుకోవడం, రాత్రివేళ పిల్లలు వీధుల్లో తిరగకుండా సమయపరిమితి పాటించడం, పెద్దలు గుంపులుగా రాత్రి వీధుల్లో నడవడం, ఆటలకు కళలకు ప్రజాధనం వెచ్చించడం వారి పద్ధతులు. మన పరిశోధనపత్రాలు రెక్‌యావిక్ నగరాన్ని ఉదహరిస్తున్నాయి, దూబగుంటను ఉదహరించడం లేదు. రాత్రి బడి, పొలిమేర కాపలా, ఇరుగుపొరుగు మాట అనే మూడింటిలోనూ ఆ పద్ధతి మూలాంశాలు ఐస్‌లాండ్ కంటే ముందే ఇక్కడ ఉన్నాయి. వారు చేసిన, మనం చేయని పని ఒకటి ఉంది. ఏటేటా పిల్లలను అడిగి, లెక్కలు తీసి, ఆ లెక్కలను ఆయా పాఠశాలల తల్లిదండ్రులకు తిరిగి ఇచ్చారు. 1993లో నెల్లూరు యువకుల్లో తాగుడు ఎంత తగ్గిందో చెప్పడానికి అటువంటి కొలత మన చేతిలో లేదు.

6. చట్టం వచ్చిన తరువాత:

1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే సంవత్సరం అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి. సారా పోయినా ఇతర మద్యం మిగిలింది. 1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం ప్రధాన వాగ్దానమై, డిసెంబరు 12న ప్రమాణస్వీకార వేదికపైనే ఎన్.టి. రామారావు ఆ దస్త్రంపై సంతకం చేశారు. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ నిషేధం అమలైంది. వారుణి వాహిని వచ్చింది కూడా ఆయన తొలివిడత పాలనాకాలంలోనే. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం నిషేధాన్ని సడలించింది. దొంగరవాణా, నాటుసారా, ఆదాయనష్టం అందుకు చూపిన కారణాలు.

రెండేళ్ళ నిషేధం విఫలమైంది కనుక ఉద్యమమే విఫలమైందన్న తీర్పు తరచుగా వినబడుతుంది. ఈ తీర్పు రెండు వేర్వేరు విషయాలను కలిపివేస్తోంది. శాసనం వచ్చిన రోజునుండి కాపలా బాధ్యత ఆబ్కారీ శాఖకు, పోలీసులకు మారింది. ఊరి స్త్రీ ఫిర్యాదుదారుగా మిగిలింది. పొలిమేరలో జీపును ఆపిన చేతులకు అర్జీ రాసే పని పడింది. పక్కరాష్ట్రం నుండి వచ్చే సీసాను అడ్డుకోవడానికి ఊరికి బలం లేదు, అడ్డుకోవలసిన యంత్రాంగానికి ఊరిపట్ల జవాబుదారీతనం లేదు. రాత్రి బడులు కూడా క్రమంగా మూతబడ్డాయి. నిషేధం బలహీనపడే నాటికి దానికి కింద ఉండవలసిన నేల అప్పటికే జారిపోయింది.

పూర్తిగా జారిపోలేదు కూడా. నెల్లూరు జిల్లాలో సారాకు పోయే డబ్బును రోజుకొక రూపాయి చొప్పున దాచుకొనే 'పొదుపులక్ష్మి' సంఘాలు ఈ ఉద్యమం నుండే పుట్టాయి. తరువాతి కాలంలో డ్వాక్రా సంఘాలుగా, స్వయంసహాయక బృందాలుగా రాష్ట్రమంతటా పెరిగిన స్త్రీల పొదుపు వ్యవస్థకు ఇది ఒక ముఖ్యమైన మూలం. ఉద్యమం మిగిల్చిన అత్యంత దృఢమైన సంస్థ ఇదే. అయితే అప్పు, తిరిగి చెల్లింపు దాని ప్రధాన కార్యక్రమాలు కాగా, ఊరి పిల్లల గురించి మాట్లాడుకొనే అలవాటు ఆ సమావేశాల్లో వెనుకబడింది. 2000 తరువాత గ్రామాల్లో బెల్టుషాపులు వెలిసినప్పుడు అవి కిరాణాకొట్టు రూపంలో, ఇరవై ఒక్క ఏళ్ళ వయోపరిమితిని లెక్కచేయకుండా, పొట్లం నాటి పరిస్థితిని సీసాతో తిరిగి తెచ్చాయి.

7. నేటి సందర్భం - పోలికలు, భేదాలు:

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ కోసం అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థ జరిపి 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం, 10 నుండి 75 ఏళ్ళ వయసువారిలో 14.6 శాతం, అంటే సుమారు 16 కోట్లమంది మద్యం తాగుతున్నారు. గంజాయి, భంగు వంటివి వాడేవారు 2.8 శాతం, సుమారు 3.1 కోట్లమంది. పెద్దలకన్నా పిల్లల్లో ఎక్కువగా కనిపించినది ఒక్కటే. అది జిగురులు, ద్రావకాలు వంటి పీల్చే మత్తు. పెద్దల్లో 0.58 శాతం ఉంటే పిల్లల్లో, కౌమారప్రాయుల్లో 1.17 శాతం ఉంది. పంక్చర్ అతికించే జిగురు ఏ నిషేధ చట్టానికీ అందేది కాదు. దుకాణదారు, బడి, ఇల్లు కలిస్తే తప్ప దానికి మరో కాపలా లేదు.

గంజాయి విషయంలో దూబగుంట అనుభవాన్ని యథాతథంగా వర్తింపజేయలేం. సారా దుకాణానికి చిరునామా ఉంది, గుత్తేదారుకు పేరు ఉంది, వేలానికి తేదీ ఉంది. అడ్డుకోవలసిన చోటు అందరికీ తెలుసు. గంజాయి అమ్మకం ఫోనులో జరుగుతుంది, చేతులు మారే చోటు రోజుకొకటి. కొన్నవాడే మరునాడు అమ్మేవాడవుతాడు. నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని కొండప్రాంతాల నుండి సరుకు మోసే పనికి అప్పుల్లో ఉన్న యువకులను వాడుకుంటారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద 20 కిలోలకు మించిన గంజాయి వాణిజ్య పరిమాణం. పట్టుబడితే పదేళ్ళకు తగ్గని కఠిన కారాగారశిక్ష. సారా రోజుల్లో ఊరు ఎదుర్కొన్న ప్రత్యర్థి బయటివాడు, ధనవంతుడు. ఇప్పుడు పట్టుబడేది చాలాసార్లు ఆ ఊరి కొడుకే.

ఈ భేదమే సమాజ సహకారాన్ని క్లిష్టం చేస్తోంది. ఫిర్యాదు చేస్తే పిల్లవాడు జైలుకు పోతాడన్న భయంతో తల్లి మౌనం వహిస్తుంది. చెబితే పగ వస్తుందని పొరుగువాడు ఊరుకుంటాడు. బడికి చెడ్డపేరు వస్తుందని యాజమాన్యం బదిలీపత్రం చేతికిచ్చి పంపివేస్తుంది. మూడు మౌనాల మధ్య పిల్లవాడు ఒంటరిగా మిగులుతాడు. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులు చేపట్టిన 'ఆపరేషన్ పరివర్తన' గంజాయి తోటలను ధ్వంసం చేసింది. 2024లో 'ఈగల్' పేరుతో ప్రత్యేక విభాగం ఏర్పడి 1972 నంబరుతో సమాచారం స్వీకరిస్తోంది. తెలంగాణలోనూ ప్రత్యేక నిరోధక విభాగం పనిచేస్తోంది. ఇవి సరఫరాను అడ్డుకొనే ఏర్పాట్లు, వీటి అవసరాన్ని ఎవరూ కాదనలేరు. కాని జీపును ఆపడం వేరు, సాయంత్రం రెండు గంటలను నింపడం వేరు. రెండవ పని పోలీసులది కాదు, వారు చేయలేరు కూడా.

ఆ పని చేయగల స్థలాలు ఊళ్ళో ఇప్పటికీ ఉన్నాయి. ప్రతి ఊరిలో స్త్రీల పొదుపుసంఘం నెలకు ఒకటికి మించి సార్లు కలుస్తుంది. పాఠశాలలకు తల్లిదండ్రుల కమిటీలు ఉన్నాయి. కళాశాలల్లో జాతీయ సేవాపథకం విభాగాలు ఉన్నాయి, వాటిలోని విద్యార్థులు అక్షరదీపం కార్యకర్తల వయసువారే. వీరికి ప్రతిజ్ఞాపత్రాలు కాక పని అప్పగిస్తే ఎలా ఉంటుంది? డిజిటల్ లావాదేవీలు రాని పొదుపుసంఘ స్త్రీలకు సాయంత్రం పూట నేర్పడం, పదో తరగతి పిల్లలకు చదువు చెప్పడం వంటి పనులు ఆ వయసు యువతకు ఊరితో మాటలు కలిపే అవకాశమిస్తాయి. మన తెలుగు శాఖల విద్యార్థులైతే 1992 నాటి స్త్రీలు, కార్యకర్తలు జీవించి ఉండగానే వారి మౌఖిక కథనాలను సేకరించవచ్చు. ఆ కార్యకర్తల వయసు ఇప్పుడు యాభైకి పైబడింది. యువకులుగా వారు ఆ రాత్రి బడుల్లో ఏం పొందారన్న ప్రశ్నను, పైన ఊహగా చెప్పిన అంశాన్ని, నిగ్గుతేల్చగలిగేది వారి సాక్ష్యమే.

చట్టానికి సంబంధించిన ఒక వివరం కూడా ఆ సమావేశాల్లో చర్చకు రావాలి. మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షను ప్రకారం, వ్యసనానికి లోనై తక్కువ పరిమాణానికో, వాడకానికో సంబంధించిన నేరారోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు సిద్ధపడి దానిని పూర్తిచేస్తే, ప్రాసిక్యూషన్ నుండి మినహాయింపు పొందవచ్చు. గంజాయికి తక్కువ పరిమాణం అంటే ఒక కిలోకు లోపు. చికిత్స గురించి తెలుసుకోవడానికి 14446 అనే జాతీయ సహాయవాణి ఉంది. తల్లి మౌనానికి కారణం జైలుభయం అయితే, ఆ భయాన్ని కొంతైనా తగ్గించగల ఈ నిబంధన మన సదస్సుల గోడపత్రికల మీద కనిపించదు. శిక్షల పట్టిక మాత్రం ప్రతి గోడ మీదా ఉంటుంది. దూబగుంట వాచకాన్ని రాసినవారి చేతికి ఈ రెండింటినీ ఇచ్చి, రాత్రి బడిలో చదివించడానికి ఒక పేజీ పాఠం రాయమంటే, ఏది ముందు పెట్టేవారో ఊహించడం కష్టం కాదు.